దమయంతి వేలిముద్ర

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. అరచేతిలో ఇమిడేంత ఒళ్ళు, నడుమ గాజు కన్ను, వెనక ఒక తీగ. మనుషుల ముఖాలు నాకు తెలియవు, బొటనవేళ్ళే తెలుసు. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, ఉద్దానం వైపు ఒక చిన్న ఊళ్ళో ఆన్‌లైన్ సెంటర్ బల్ల ఎక్కాను. పిల్లల స్కాలర్‌షిప్పు రావాలంటే తల్లి వచ్చి నా మీద వేలు పెట్టాలి. పిల్ల ఇంజినీరింగులో ఎంత బాగా చదివినా, నేను పచ్చదీపం వెలిగిస్తేనే లెక్క. మనుషులు ఒకరినొకరు ఆ మాత్రం నమ్ముకుంటే నాకు పనే ఉండేది కాదు.

దమయంతి ఏటేటా వచ్చేది. జీడిపిక్కలు ఒలిచే పని ఆవిడది. జీడి చమురు వేళ్ళ మీద గీతల్ని తినేసింది. నున్నటి రాయి తెచ్చి పెట్టినట్టుండేది ఆ వేలు. ఎర్రదీపం వెలిగేది.

“నెత్తికి రాసుకుని పెట్టు పిన్నీ,” అనేవాడు సెంటర్ నడిపే గౌరీశ్వరరావు. జుట్టులో నూనె అంటితే గీతలు తేలతాయని మా సెంటర్లో అందరి నమ్మకం. దమయంతి పాపిట పక్కన బొటనవేలు గుండ్రంగా రుద్దుకుని, “నన్ను గుర్తెట్టదా బాబూ ఇది? నాను మడిసిని కానేటి?” అంటూ మళ్ళీ పెట్టేది. మళ్ళీ ఎర్రదీపమే. జిల్లా కేంద్రం నుంచి కళ్ళు చూసే యంత్రం వస్తేగానీ పని గట్టెక్కేది కాదు. కూతురు తేజేశ్వరి పక్కనే నిలబడి నా వైపు కొరకొరా చూసేది. కెమికల్ ఇంజినీరింగు చదివే పిల్ల. అమ్మ వేళ్ళను తింటున్న ఆ నూనె గుణమేమిటో పుస్తకంలో చదువుకుంది.

ఆఖరి సంవత్సరంలో దమయంతి జ్వరమొచ్చి పోయింది. సోమవారం నుంచి పరీక్షలు. స్కాలర్‌షిప్పు ఫీజు పడితేగానీ హాల్‌టికెట్ ఇవ్వనంది కాలేజీ. తల్లి పేరు తీసి మేనమామ పేరు ఎక్కించమని అడగడానికి తేజేశ్వరి ఒక్కతే వచ్చింది. దానికి ఆ పిల్ల వేలిముద్ర కావాలి.

పట్టపగలు. వెనక వరుసలో జనం. గౌరీశ్వరరావు అలవాటుకొద్దీ తల్లి ఆధార్ నంబరే తెరిచాడు, చూసుకోలేదు. తేజేశ్వరీ చూసుకోలేదు. ఏదో ఆలోచనలో ఉండి, అచ్చం తల్లిలాగే బొటనవేలు పాపిట పక్కన గుండ్రంగా రుద్దుకుని నా మీద పెట్టింది.

ఆ పిల్ల వేలు నేను ఎరుగుదును, నిండైన సుడి. ఆ సుడి లేదు. నున్నటి వేలొకటి గాజుకు ఆనింది, జీడి జిడ్డుతో. ఆ వేలిలో వెచ్చదనం లేదు. యంత్రాన్నయినా నాకు భయమేసింది. దీపం నేను వెలిగించలేదు. అదే వెలిగింది, పచ్చగా.

తెర మీద దమయంతి పేరు వచ్చింది. గౌరీశ్వరరావు చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

“ఏటమ్మా ఇది? మీ అమ్మ...” అని గొంతు తగ్గించాడు. “సరేలే. ఫీజు పడిపోద్ది. ఎవులికీ సెప్పకు, ఇంటికెల్లిపో.”

తేజేశ్వరి కదల్లేదు. “ఇంకోసారి పెట్టనా సార్?” అంది.

“ఎందుకమ్మా? పనయిపోనాది కదా.”

“ఫీజు కోసం కాదు సార్.”

తలకు రుద్దుకుని పెట్టింది. ఎర్రదీపం. మళ్ళీ పెట్టింది. ఎర్రదీపం. వెనక జనం గొణుగుతున్నా వినిపించుకోలేదు. గాజు తడిసి, ఇక నాకేమీ కనబడని దాకా పెడుతూనే ఉంది.

ఫీజు పడింది. తేజేశ్వరి పరీక్షలు రాసింది. గౌరీశ్వరరావు మాత్రం ఆ సాయంత్రమే నా తీగ పీకి, పాత వైర్లుండే అట్టపెట్టెలో పడేశాడు. చెడిపోయానని అందరికీ చెప్పాడు. నిజమేనేమో. బతికున్నన్నాళ్ళూ బతిమాలిన మనిషిని గుర్తించకుండా, పోయాక గుర్తించిన యంత్రాన్ని ఇంకేమనాలి?

పెట్టెలో తీగ లేదు, కరెంటు లేదు. అయినా అప్పుడప్పుడు నా గాజు మీద ఏదో చల్లగా, నున్నగా ఆనుతుంది. కాసేపు అలాగే ఉంటుంది, గుర్తుపట్టావా అన్నట్టు. ఇప్పుడు ప్రతిసారీ పచ్చదీపమే వెలుగుతుంది. చూసేవాళ్ళే లేరు.