ఒంటి సంతకం

కడుగుతున్న స్టీలు బల్ల మీద ఫోన్ పెట్టి స్పీకరు నొక్కడమే ఆ మధ్యాహ్నం పశువుల డాక్టరు చేసిన తప్పు.

కాగితాల మీద సంతకాలన్నీ కిందటి వారమే అయిపోయాయి. ఇంటి లోను పాత బ్యాంకు నుంచి కొత్త బ్యాంకుకు మారాలంటే ఇక తేలాల్సింది గడువు ఒక్కటే. ఆమె బల్లకంటిన రక్తం కడుగుతుంటే, లోను ఆఫీసరు నిదానంగా విడమరిచి చెబుతున్నాడు.

"పదిహేనేళ్లకైతే వడ్డీ రేటు తక్కువ, డాక్టరుగారూ. మొత్తమ్మీద బోలెడు మిగులుతుంది. కానీ నెల వాయిదా పెద్దది. మీ చదువు అప్పు వాయిదా ఒకటుందిగా, రెండూ కలిపితే మీ ఒక్కరి సంపాదన ఆనదు. ఇప్పుడున్నట్టే మీ అన్నగారు కూడా అప్పులో ఉండాలి."

"ముప్పయ్యేళ్లకైతే?"

"వాయిదా బాగా తగ్గుతుంది. ఇల్లెలాగూ మీ పేరు మీదే ఉంది కాబట్టి అప్పు కూడా మీ ఒక్కరి పేరు మీదే ఇస్తాం. అన్నగారి అవసరం లేదు. వడ్డీ మాత్రం తడిసి మోపెడవుతుంది, ముందే చెబుతున్నా. ఈ రేటు ఇవాళ బ్యాంకు మూసేదాకే. మీరు నోటితో చెబితే చాలు, కాల్ రికార్డవుతుంది."

అన్నగారి అవసరం లేదన్న మాట గది దాటి మెట్లదాకా వినిపించింది. మెట్ల మీద అన్నగారే ఉన్నాడు.

చదువు అయిపోయిన కొత్తలో ఆమెను చూసి ఏ బ్యాంకూ ఇంటికి అప్పివ్వలేదు. నెత్తి మీద చదువు అప్పు అంతుంది. అన్న తన పేరు కలిపాడు. అందుకు ఆమె కాళ్లు మొక్కినంత పని చేసింది. కింది గదిలో ఆస్పత్రి పెట్టుకుంది. పై అంతస్తులో అన్న దిగిపోయాడు. ఒక్క వాయిదా కట్టిన పాపాన పోలేదు. బారు గుమ్మంలో నిలబడి తాగినవాళ్లను బయటికి విసరడం అతని ఉద్యోగం. ఆ విద్య ఇంట్లో కూడా చూపించేవాడు. ఒకసారి ఆమె దవడ వాస్తే, గుర్రం తన్నిందని చెప్పుకుంది. పశువుల డాక్టరు కాబట్టి జనం నమ్మారు. ఎదురు తిరిగితే అన్న ఒకటే మాట అనేవాడు: "నా పేరు పీకేస్తే నీకు ఇల్లెక్కడిదే?"

ఆ మాటకిప్పుడు కాలం చెల్లిందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

అన్న లోపలికొచ్చి ఫోన్ తీసుకున్నాడు. గొంతులో తేనె పోసుకున్నాడు. "పదిహేను రాసుకోండి సార్. నేనూ ఉంటాను. చెల్లెలికి లెక్కలు రావు."

"ఆవిడే చెప్పాలండీ," అన్నాడు ఆఫీసరు.

"చెబుతుంది." ఫోన్ కట్టేసి, తలుపు గడియ పెట్టాడు. "నన్ను తీసేద్దామనుకున్నావా, చెల్లెమ్మా?"

"అన్నయ్యా, ముందు తలుపు తియ్యి."

అతని చెయ్యి ఎప్పుడు లేచిందో ఆమె చూడలేదు. చెంప స్టీలు బల్లకు తగిలింది. నోట్లో ఉప్పగా రక్తం ఊరింది. తేరుకునేలోపు జుట్టు పట్టి మళ్లీ కొట్టాడు. ఈసారి కనుబొమ్మ చిట్లింది. ఆమె చేతిని వీపు మీదికి మెలిపెట్టి చిటికెన వేలు పట్టుకున్నాడు.

"ఫోన్ చేసి పదిహేనని చెప్పు."

"చెప్పను."

వేలు విరిగింది. ఆమె అరుపుకు లోపలి గదిలో బోనుల్లోని కుక్కలన్నీ ఎగిరిపడ్డాయి.

"ఇంకా తొమ్మిదున్నాయి," అన్నాడు తీరిగ్గా. "నాకేం తొందర లేదు. బ్యాంకు మూసేస్తే పాత అప్పే ఉంటుంది. అందులోనూ నేనే."

అతను రెండో వేలు వెతికాడు. కరిచిన కుక్క నోట్లోంచి చెయ్యి వెనక్కి లాగితే కండ ఊడొస్తుంది. లోపలికి తోస్తే కుక్కే వదిలేస్తుంది. ఆ పని ఆమెకు నిద్రలోనైనా వచ్చు. మెలిపడ్డ చేతిని లాక్కోవడం మానేసి, ఒళ్లంతా బలం చేసుకుని అతని మీదికే వెనక్కి ఉరికింది. తడినేల మీద అన్న కాళ్లు జారాయి. ఇద్దరూ కలిసి మందుల అద్దాల బీరువా మీద పడ్డారు.

ఆమె లేచింది. అతను లేవలేదు. ముంజేతిలో అరచేతంత గాజుపెంకు దిగి, పక్కనుంచి రక్తం చిమ్ముతోంది. ఎర్రగా, గుండె కొట్టుకున్నట్టు ఆగి ఆగి.

ఏ నరం తెగిందో ఆమెకు చూడగానే తెలిసింది. వదిలేస్తే ఎంతసేపటికి చల్లబడతాడో కూడా తెలుసు. ఒక్క ఊపిరిపాటు నిలబడింది. తర్వాత రబ్బరు గొట్టం లాగి, మోకాలితో అతని ఛాతీని నేలకు అదిమి, మోచేతి పైన బిగించింది. చిమ్మడం ఆగింది.

ఆగగానే అతని రెండో చెయ్యి లేచి ఆమె గొంతు పట్టుకుంది.

"పదిహేనని... చెప్పవే."

బొటనవేలు గొంతులో దిగుతోంది. కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయి. ఆమె చేతిలోని గొట్టం కొసలు వదులు చేసింది. రక్తం ఆమె మొహం మీదికి చిమ్మింది. అన్న దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. పట్టు వదిలాడు. ఆమె మళ్లీ బిగించింది.

"ఇంకోసారి చెయ్యి లేపితే ఇక కట్టను," అంది బొంగురుగా.

అంబులెన్సు కోసం ఫోన్ అందుకోబోతుంటే అదే మోగింది. మోచేత్తో నొక్కింది.

"బ్యాంకు మూసే వేళయింది డాక్టరుగారూ. పదిహేనే ఖాయం చేయమంటారా? ఏదో మూలుగు వినిపిస్తోంది..."

"పేషెంటు. కరిచే రకం. ముప్పై తీసుకుని మధ్యలో ఎక్కువ కడితే జరిమానా ఉందా?"

"లేదండీ. చదువు అప్పు తీరాక ఎంతైనా కట్టుకోవచ్చు. కానీ అప్పటిదాకా వడ్డీ..."

"పడనివ్వండి. ముప్పై."

"పదిహేనే లాభమే," అన్నాడు అన్న నేల మీంచి. గొంతు పీలగా వచ్చింది. "నీ మంచికే చెబుతున్నా."

"రికార్డు కోసం అడుగుతున్నా," అన్నాడు ఆఫీసరు. "సహ రుణగ్రహీత?"

"ఎవరూ లేరు."

తర్వాత అంబులెన్సును పిలిచింది, పోలీసులను పిలిచింది. అంబులెన్సు మనుషులు తలుపు గడియ విరగ్గొట్టుకుని లోపలికొచ్చేదాకా గొట్టం వదల్లేదు. వాళ్లు అన్నను స్ట్రెచరెక్కించి గుమ్మం దాటించబోతూ ఆగారు. అందులో పెద్దాయన కాగితం తీశాడు.

"ఈయన ఉండేదెక్కడ మేడమ్? ఇక్కడేనా?"

అన్న తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. ఆమె విరిగిన వేలికి పక్క వేలు జతచేసి, పళ్లతో పట్టీ చింపి చుట్టుకుంటోంది.

"కాదు," అంది. "ఎక్కడుంటాడో ఆయన్నే అడగండి."