ఎరుపుకి ఎరుపు

మైకుసెట్టు వైరు చుట్టడానికి ఒక పద్ధతుంది. మోచేతికి చుట్టకూడదు. అలా చుడితే లోపలి రాగితీగ మెలిపడి నాలుగు పెళ్ళిళ్ళకే తెగుతుంది. అరచేతిలో ఒక చుట్ట ముందుకీ, ఒక చుట్ట వెనక్కీ వేసుకుంటూ పోవాలి. ఒక చేత్తో తడిగుడ్డ పట్టుకుని బురద తుడుస్తూ ఇంకో చేత్తో చుట్టాలి. వడ్డాది నుంచి వచ్చిన వైర్లకి చెరుకుతోటల బురద పట్టి ఉంటుంది, అది గోళ్ళలో దూరితే రెండు రోజులు పోదు. ముప్పై నాలుగేళ్ళుగా చుడుతున్నాను.

చోడవరంలో ఎవరినడిగినా తిమోతి సౌండ్స్ అంటే చెబుతారు. పెళ్ళయినా, ఉజ్జీవ సభలైనా, అమ్మవారి పండగైనా మా ఆయన స్పీకరు బాక్సులే. బోర్డు మీద పేరు ఆయనది. బాక్సులు ఎక్కించి దించేది సత్తిబాబు, అతనికి జీతం. మీ ఆవిడేం చేస్తారని ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటాదండి, ఖాళీ" అంటారాయన. ఆ ఖాళీ మనిషి చుట్టకపోతే మర్నాటి పెళ్ళికి మైకు లేదు. ఈ మాట నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు, పైకి మాత్రం ఒక్కసారీ అనలేదు.

గురువారం పొద్దున్న ఆయనా సత్తిబాబూ సభల కోసం రావికమతం వెళ్ళేరు, శనివారం మధ్యాహ్నానికి గానీ రారు. అంతకుముందు రోజే మా హాలుకి రంగులు వేయడం అయ్యింది. పెయింటర్లు గోడ మీది రెండు స్పీకర్లనీ దించి, పాత యాంప్లిఫయరు దగ్గర వైర్లు ఊడదీసి, అన్నిటినీ నేల మీద పేపర్లు పరిచి పెట్టేసి పోయారు. పక్కనే రికార్డు ప్లేయరు. వెళ్తూ వెళ్తూ ఆయన గుమ్మంలోంచి అన్నారు. "అవి ముట్టుకోకే. కరెంటుతో పని. వచ్చేక నేను కలుపుతాను. లేపోతే పాత సామాన్లోడికి పడేద్దాం, ఎవులు వింటన్నారిప్పుడు?"

ఎవరు వింటున్నారు? నిజమే. ఆయన ఫోనులో వింటారు. కూతురు అశ్విని పెళ్ళయి వైజాగులో ఉంటుంది, ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. ఆ ప్లేయరు అవసరం ఉన్నది నా ఒక్కదానికే, ఒకే ఒక్క రికార్డు కోసం. అది కూడా నాకు ఇష్టమై కాదు. పుండుని గోకినట్టు ఏడాదికొకసారి పెట్టుకుని వినేదాన్ని.

ఎనభై నాలుగులో, నాకు పదిహేనేళ్ళప్పుడు, మా మిషను హాస్టలు అమ్మాయిల పాటలతో ఒక రికార్డు చేయించారు. మా వార్డెనమ్మ మమ్మల్ని రైలెక్కించి మద్రాసు తీసుకెళ్ళింది. ఇరవై మందిమి పాడేం. రెండోవైపు మొదటి పాటలో ఒక చరణం నాదొక్కదానిదే. అట్ట మీద మా పేర్లు వేయలేదు, 'బాలికల బృందము' అని వేశారు. అయినా పెట్టెలో చీరల మధ్య పెట్టుకుని ఆ రికార్డుని అత్తారింటికి తెచ్చుకున్నాను. ఆరేళ్ళు అది మూగగా ఉంది. తొంభై ఆరులో మా ఆయన ఎవరో అమ్మేస్తుంటే ఈ ప్లేయరూ యాంప్లిఫయరూ స్పీకర్లూ కొని, క్రిస్మస్ ముందురోజు హడావిడిగా గోడకి బిగించారు. ఆ సాయంత్రం చుట్టాలందరి మధ్యా నా రికార్డు పెట్టారు. నేను వంటింటి గుమ్మం దగ్గర, చేతులకంటిన పిండితోనే నిలబడ్డాను.

బృందం పాడినంతసేపూ బాగానే ఉంది. నా చరణం వచ్చేసరికి గొంతు ఎక్కడికో పోయింది. డొల్లగా, పక్కింట్లో ఎవరో గోడవతల కూనిరాగం తీస్తున్నట్టు వచ్చింది. చుట్టాలు మొహమొహాలు చూసుకున్నారు. మా అత్తగారు చిన్నతల్లి "సిన్న గుంటప్పుడు ఏదో పాడీసింది లెండి" అని నన్ను కాపాడబోయింది. ఆయన నవ్వేరు. "గొంతుల సంగతి నాకు తెలీదేటి? రోజూ మైకు దగ్గరే కదా నా బతుకు. ఏసుమణిది పీలగొంతు. మైకుకి పనికిరాదు."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. అందరూ గారెలు తిన్నారు. ఆ తరవాత చర్చిలో కీర్తన ఎత్తుకున్నప్పుడు నేను పెదాలు మాత్రం కదిపేదాన్ని. స్నానాలగదిలో కూడా పాడటం మానేశాను. అశ్వినికి జోలపాట లేదు, తట్టి నిద్రపుచ్చాను. ఆయన ఊరంతటికీ 'హలో మైక్ టెస్టింగ్' అని ఇంటికొచ్చి అలసిపోయి అన్నం ముందు తలూపుతారు, ఉప్పు కావాలన్నా చేత్తో చూపిస్తారు. ఇద్దరం ఉన్న ఇంట్లో రోజులో పది మాటలు ఉండవు. గొంతు పాడటానికే కాదు, దేనికీ అక్కర్లేకుండా పోయింది.

గురువారం మధ్యాహ్నం పాస్టరుగారి భార్య శాలోమి ఫోను చేసింది. ఈ ఆదివారం మా చర్చి డెబ్భై అయిదో వార్షికోత్సవం.

"ఆంటీ, మా అమ్మ మీ హాస్టలే కదా. రికార్డులో ఆ చరణం మీరే పాడేరట. ఆదివారం ఆ పాట మీరే పాడాలి."

"నాది మైకుకి పనికొచ్చే గొంతు కాదమ్మగారూ."

"ఎవరన్నారు?"

నేను పాస్టరుగారి ఆరోగ్యం ఎలా ఉందని మాట మార్చాను. ఆమె బాగానే ఉన్నారని చెప్పి "శనివారం సాయంత్రంలోగా సెప్పండాంటీ, లేపోతే వేరేవాళ్ళకి ఇవ్వాలి" అంది.

ఎవరన్నారు? ఫోను పెట్టేశాక ఆ ప్రశ్న హాల్లోనే కూర్చుంది. రంగు వాసనకి తలుపులన్నీ తీసి పెట్టి, అన్నం తిని, గిన్నె కడుక్కుని మళ్ళీ హాల్లోకి వచ్చాను. పాడి చూసుకుందామంటే నోరు రాలేదు. ఖాళీ ఇంట్లో కూడా సిగ్గేసింది. పోనీ ఆ చరణం ఒక్కసారి విని, నిజంగానే పీలగొంతని తేల్చుకుని, శాలోమికి కాదని చెప్పేద్దామనుకున్నాను. తేల్చుకోవాలంటే స్పీకర్లు కలపాలి.

ముట్టుకోవద్దన్న మాట గుర్తొచ్చింది. స్విచ్ తీసేసి, ప్లగ్గు పీకేసి కూర్చున్నాను. ప్లేయరు వైర్లు సులువు, వాటి కన్నాలు వాటికే ఉన్నాయి. స్పీకరు వైర్లే తిప్పలు. యాంప్లిఫయరు వెనక ప్రతి స్పీకరుకీ ఒక ఎర్ర బుడిపె, ఒక నల్ల బుడిపె. వైరేమో తెల్లది, జంటగా అతుక్కున్న రెండు పోగులూ తెలుపే. ఏది ఎరుపుకి, ఏది నలుపుకి? కళ్ళకి తెలీలేదు గానీ బొటనవేలికి తెలిసింది. ఒక పోగు మీద పొడుగునా సన్నటి గట్టు ఉంటుంది. రోజూ తుడిచే వేలు కదా. గట్టున్న పోగు ఎరుపుకి, నున్నటి పోగు నలుపుకి పెట్టాను. రెండు స్పీకర్లకీ అలాగే బిగించాను. స్పీకర్ల వెనకా ఇలాంటి బుడిపెలే, అక్కడ ఆయన ఎప్పుడో బిగించినవి అలాగే ఉన్నాయి.

రికార్డు తుడిచి, రెండోవైపు తిప్పి, ముల్లు ఆనించాను. బృందం వచ్చింది. నా చరణం వచ్చింది. మళ్ళీ అదే డొల్ల, అదే గోడవతలి గొంతు. తేలిపోయింది కదా అనుకున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. చూడ్డానికెవరూ లేనప్పుడు కళ్ళు తుడుచుకోవాల్సిన తొందర ఉండదు.

ఏడుస్తుంటేనే ఆ మాట గుర్తొచ్చింది. వంటింటి కిటికీలోంచి వెయ్యిసార్లు విన్న మాట. మా ఆయన సత్తిబాబుని తిట్టే మాట. "ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు! ఒక బాక్సుకి తిరగబడిందంటే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయిరా. మధ్యలో పాడేవోడి గొంతు డొల్లైపోద్ది. రెండుసార్లు సూడు!"

లేచాను. ఎడమ స్పీకరు తిప్పి వేలు పెట్టి చూశాను. గట్టు ఎరుపులో ఉంది. కుడి స్పీకరు తిప్పాను. గట్టు నలుపులో ఉంది.

రెండోసారీ వేలు పెట్టి చూశాను, నలుపులోనే ఉంది. తరవాత స్క్రూడ్రైవరు తెచ్చి, ప్లగ్గు మళ్ళీ పీకి, ఆ రెండు పోగుల్నీ మార్చి బిగించాను. అయిదు నిమిషాల పని. ముల్లు మళ్ళీ ఆనించాను.

పదిహేనేళ్ళ అమ్మాయి హాలు మధ్యలో నిలబడి పాడింది. రెండు స్పీకర్లకీ మధ్య, ఏమీ లేని చోట. నిండుగా, ఊపిరి తీసుకోవడం కూడా వినబడేంత దగ్గరగా. ఆ గొంతు నాకు తెలుసు. నాదే. సంతోషమో కోపమో తెలీలేదు, రెండూ ఒకేసారి వచ్చాయి. పొరపాటు ఎవరికైనా అవుతుంది, దానికి కాదు నా కోపం. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ రెండేసిసార్లు చూసుకునే మనిషి, నా పాట డొల్లగా వస్తే వైరు చూడలేదు. నా గొంతే పీల అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. అదే నాకు ఎక్కువ బాధేసింది.

శనివారం మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి రికార్డు తిరుగుతోంది. చెప్పులు విప్పుతూ ఆగి విన్నారు.

"గొంతు బాగా వస్తందే! రంగులేసేక గది మారింది కదా, అదీ సంగతి."

నేను కుడి స్పీకరు తిప్పి, బుడిపెల్ని చూపించి, ఏం మార్చానో చెప్పాను. ఆయన వంగి చూసి నవ్వేరు.

"ఓస్, అదా! అప్పుడేదో తొందరలో పెట్టీసుంటాను. దానికేటి ఇప్పుడు? వైర్లు అరుగు మీద పడేసేను, సుట్టు. రేపు మన చర్చికే కావాలి."

ఇరవై ఎనిమిదేళ్ళు 'అప్పుడేదో'లో సర్దుకుపోయాయి. నేను లోపలికెళ్ళి శాలోమికి ఫోను చేసి పాడతానన్నాను. వైర్ల దగ్గరికి వెళ్ళలేదు. సాయంత్రం దాకా "సుట్టేవా?" అని మూడుసార్లు అడిగారు. "లేదండి" అని మూడుసార్లు చెప్పాను. చివరికి ఆయనే అరుగు మీద కూర్చుని మోచేతికి చుట్టుకున్నారు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. శాలోమి నా పేరు పిలిచి మైకు చేతికిచ్చింది. నేను వెంటనే పాడలేదు. మైకు చేతిలో ఉండగానే ఎడమ బాక్సు వెనక్కి వెళ్ళి వంగి చూశాను. జనం ముందు నుంచి నడిచి కుడి బాక్సు దగ్గరికి వెళ్ళాను. మిక్సరు దగ్గర కూర్చున్న మా ఆయన ఉండబట్టలేక కేకేశారు.

"ఏటే అది? నేనే పెట్టేను కదా!"

"మీరు పెట్టేరనే సూస్తన్నానండి" అన్నాను.

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట చర్చంతా వినబడింది. గొంతు పీలగా లేదు.