తాయెత్తు కట్టరాని మేక

ఏడుదినములుగా ఎడతెగక కురిసిన వర్షధారలచే నిండి గట్టుల నొరసికొనుచు ఎర్రమట్టినీటితో నాగావళీనది ఉరవడించుచుండగా, దట్టములైన మేఘముల చాటున సూర్యుడుదయించెనో లేదో తెలియరాని శ్రావణ బహుళ షష్ఠీ ప్రాతఃకాలమున, శ్రీకాకుళమందలి యొక వైద్యశాలలో పందొమ్మిదేండ్ల కౌముది విషజ్వరముచే కన్నుమూసెను. తల్లిని పసితనముననే కోల్పోయిన యా బాలికకు తండ్రి యొక్కడే దిక్కు. అతడు ఆముదాలవలస ఉన్నతపాఠశాలలో ముప్పదియేండ్లుగా గణితము బోధించుచున్న పేడాడ జగన్నాయకులు మేష్టారు. జ్వరము సోకిన మొదటినాడు, వానకాలపు జ్వరమే గదా యని యతడొక దినము జాగుచేసి యుండెను. ఆ మాట నతడెవ్వరితోను చెప్పలేదు.

కౌముదికి మృగసంగ్రామమను వీడియో ఆటయందు మిక్కుటమగు ప్రజ్ఞ యుండెను. ఆ క్రీడయందు ప్రతి యాటగాడును ఆరు కల్పితమృగముల నొక జట్టుగా పెంచి, తెరమీద పరుల మృగములతో పోరించును. రైల్వేస్టేషను వీధిలో సెల్‌ఫోనుల దుకాణము నడుపు బొడ్డేపల్లి లోకనాథము తన మేడపైనొక క్లబ్బు నెలకొల్పి యేటేట పోటీలు జరుపుచుండును. ఆ యేటి పోటీలో పదునలుగురిని జయించి కౌముది తుదిపోరునకు చేరియుండెను. ఆమెకు ప్రత్యర్థి దువ్వాడ కిరీటి. క్రిందటి రెండేండ్లును విజయము వానిదే.

కర్మకాండ ముగిసిన మరునాడు లోకనాథము మేష్టారి యింటికి వచ్చి, తడిసిన గొడుగును వాకిట చేరవేసి యిట్లనెను.

“మేష్టారూ, అమ్మాయి పేర నొక స్మారకబహుమానము నెలకొల్పుదమని మావాండ్రందరు నిశ్చయించిరి. తుదిపోరు మాని, విజయము కిరీటికిచ్చి, కౌముది చిత్రపటమునకు దండవేసి రెండు నిమిషములు మౌనము పాటింతుము.”

“లోకనాథమూ, నా బిడ్డ మీ పోటీకి పేరిచ్చినది ఆడుటకా, దండ వేయించుకొనుటకా?”

“ఆడుటకే. కాని యిప్పుడు ఆడువారెవరు?”

“మీ క్లబ్బున అన్న రాలేనినాడు తమ్ముడాడవచ్చునట గదా?”

అది నిజమే. ఆ యూర పెక్కిండ్లలో ఆట యంత్రమొక్కటే యుండును. దానిని అన్నదమ్ములును అక్కచెల్లెండ్రును పంచుకొందురు. కావున ఒకరి జట్టును వారి యింటివారెవ్వరైన నడపవచ్చునని క్లబ్బున నియమ మేర్పడెను.

“తండ్రి యాడరాదని యెచ్చటనైన వ్రాసితిరా?” అని మేష్టారు మరల నడిగెను.

“వ్రాయలేదు మేష్టారూ. ఇట్టి తండ్రి యొకడుండునని తెలియక వ్రాయలేదు.”

“అట్లైన పేరు కొట్టివేయకుము. వత్తును.”

తుదిపోరునకు పండ్రెండు దినముల గడువుండెను. బడి విడిచిన పిమ్మట ప్రతిదినమును జగన్నాయకులు కుమార్తె బల్లకడ కూర్చుండి, ఆమె నోటుపుస్తకమును ముందిడుకొని, ఆటను ఎక్కములవలె మొదటినుండి నేర్చుకొనెను. మృగమున కొక్కొక్కదానికి బలము, రక్షణ, వేగము అను గుణములు కలవనియు, యుద్ధమధ్యమున నవి మెట్లుమెట్లుగా ఎక్కుచు దిగుచుండుననియు, ఒక మెట్టెక్కిన బలము ఒకటిన్నర రెట్లగుననియు, రెండు మెట్లెక్కిన రెండురెట్లగుననియు గ్రహించెను. నేర్పరియగు శత్రువు మొదట కొట్టడు; ఎదిరి గుణములను ముందుగా దింపును. దానినుండి కాపాడు స్వభావములు కొన్ని మృగములకు పుట్టుకతోనే కలవు. కౌముది జట్టులోని తాబేలునకు స్ఫటికదేహమను స్వభావ ముండెను. పరులెవ్వరును దాని గుణమును ఒక్క మెట్టైనను దింపజాలరు. అయితే ఆ పుటయందే ఆమె యిట్లు వ్రాసియుండెను: “ఇది పరులు చేయు తగ్గింపునకే అడ్డము. తన దెబ్బవలన తాను తగ్గినచో దీనికి రక్షణ లేదు.”

ఆ వాక్యమును మేష్టారు మరల చదివెను. పిదప పుట త్రిప్పెను.

ఆరవ మృగము కొండమేక. తక్కిన యైదింటికి కౌముది ముద్దుపేర్లు పెట్టియుండెను గాని దీని కెదురుగానున్న పేరుగడి ఖాళీగా నుండెను. దీని స్వభావము ధిక్కారము. శత్రువు దీని గుణమునేదైన ఒక మెట్టు దింపినచో దీని బలము రెండుమెట్లెక్కును. ప్రక్కన “తాయెత్తు కట్టరాదు” అని యుండెను. తాయెత్తనగా ఏ మృగమునకైనను ధరింపజేయదగిన వస్తువు; అది శత్రువు చేయు తగ్గింపుల నన్నిటిని తొలగించును. తాబేలునకు పుట్టురక్ష కలదు, ఈ మేకకు లేదు. లేనిదానికే గదా తాయెత్తు కట్టవలయునని తర్కించి, ధిక్కారము, తాయెత్తు అను రెండు బలములొకటికంటె మేలని తలచి, పిల్ల తొందరలో తప్పువ్రాసినదని నిశ్చయించి, ముప్పదియేండ్లు వేలకొలది పుస్తకములు దిద్దిన యా చేయి ఎర్రసిరాతో “రాదు” అనుమాటను కొట్టివేసి పైన “వలయును” అని వ్రాసెను. కౌముది మూడేండ్ల పిల్లయై యుండగా ఆమె మొలత్రాటికి తాయెత్తు కట్టినదియు ఆ చేయియే.

భాద్రపదమాసమున నొక యాదివారము పగటిపూట తుదిపోరు జరిగెను. మేడమీది గదియందు ఇరువది ముప్పదిమంది క్రిక్కిరిసియుండిరి. మూడాటలలో రెండు గెలిచినవాడు విజేత. ఆటకు ఆటకు నడుమ మృగము ధరించిన వస్తువును తీసివేయవచ్చును గాని క్రొత్తది కట్టరాదు.

మొదటి యాటలో కిరీటి తన సింహమును విడిచెను. రంగమున నడుగిడినంతనే గర్జించి ఎదిరి బలమును ఒక మెట్టు దింపుట దాని స్వభావము. సింహము గర్జించెను. తాయెత్తు తళుక్కుమని మెఱసి యా గర్జనను తొలగించెను. మేష్టారు తృప్తితో తలయూచి మేకచే కొమ్ములతో పొడిపించెను. సింహపు ప్రాణమున మూడింట రెండుపాళ్లు పోయెను, ఒకపాలు మిగిలెను. ఆ మిగిలిన ప్రాణముతోనే సింహము మేకను కూల్చెను. తక్కిన జట్టును నిలువలేదు.

కిరీటి కుర్చీలో వెనుకకు వాలి నవ్వెను.

“మేష్టారూ, కోపగింపకుడు. ఆ మేకను చూచి నా సింహము గర్జించుటకు జంకుచుండెను. కౌముది సాధనపోరులలో నన్నీ గదిలోనే దానితో మూడుమార్లు మట్టికరపించినది. నేను కట్టలేని దాని నోటిని మీరే కట్టి తెచ్చితిరి!”

గదిలో కొందరు నవ్విరి. “ఓరీ, పెద్దవారితో ఆ మాటలేమిటి?” అని లోకనాథము గద్దించెను.

“గద్దింపకుము. అతడు లెక్క సరిగా చెప్పినాడు” అని జగన్నాయకులనెను.

దిగకున్న నెక్కుట లేదు. తాయెత్తు గర్జనను తొలగించినప్పుడే ధిక్కారమునకు కారణమును గూడ తొలగించెను. రెండేండ్ల క్రిందట కౌముది యీ మేడమీద మగపిల్లల యెగతాళికి గురియై యింటికి వచ్చినప్పుడు, ఇక నచ్చటికి పోవలదని తానాజ్ఞాపించుటయు, ఆమె అన్నపుకంచముకడ కూర్చుండి “నాన్నా, వారు నన్ను తక్కువచేయనిండు. అప్పుడే నాకు ఆట వచ్చును” అని నెమ్మదిగా పలుకుటయు నతనికి జ్ఞప్తికి వచ్చెను. అది పిల్లల బింకమని యానాడు తలచెను. నేడది నియమమని తెలిసెను.

రెండవ యాటకు ముందు మేక మెడలోని తాయెత్తును తీసివేసెను. సింహము మరల గర్జించెను. మేక బలము ఒక మెట్టు దిగెను, మరుక్షణమే రెండుమెట్లెక్కెను. ఒకటి పోగా రెండు వచ్చినచో మిగులు ఒకటి. ఒక మెట్టునకు ఒకటిన్నర రెట్లు. మూడింట రెండుపాళ్లను ఒకటిన్నరచే హెచ్చించిన నిండుగా ఒకటి. మేష్టారు గుణకారము ముగించి మీటనొక్కెను. సింహము ఒక్క పోటునకు కూలెను. నవ్వినవారు లేచి నిలుచుండిరి. ఆ యాట కౌముది జట్టు గెలిచెను.

మూడవ యాటకు కిరీటి సింహమును తేలేదు. గర్జించువాడు లేనిచోట మేక సామాన్యమగు మేకయే యయ్యెను, త్వరలోనే పడెను. తుదకు ఇటు తాబేలును అటు కిరీటి యేనుగును మిగిలెను. ఏనుగు బురద చల్లి తాబేలు గుణముల దింపజూచెను. స్ఫటికదేహమున కొక్క చుక్కయు నంటలేదు. కాని తాబేలునకు గల దెబ్బ యొక్కటే. అది కొండవంటిది, కొట్టిన ప్రతిసారియు తాబేలు తన రక్షణనే యొక మెట్టు పోగొట్టుకొనును. రెండవ దెబ్బ కొట్టుటకు ముందు మేష్టారి వ్రేలు మీటపై చాలసేపు నిలిచెను. వేరొక దారి లేదు. మూడవ దెబ్బకు ఏనుగున రవంత ప్రాణము మిగిలెను, తాబేలున రక్షణ మిగులలేదు. ఏనుగు త్రొక్కెను.

లోకనాథము ఫలితముల పట్టికను తెరచి కలము పట్టి యడిగెను. “మేష్టారూ, ఇరువురును సమానవిజేతలని వ్రాయుదునా? ఎవ్వరును కాదనరు.”

“నేను కాదందును. కౌముది ఓడెనని వ్రాయుము.”

“ఎట్లు వ్రాయుదును మేష్టారూ?”

“ఉన్నదున్నట్లు వ్రాయుము. చనిపోయినవారిని మీరు సన్మానింతురు, ఓడినవారిని మరుసటియేడు పిలుతురు. ఆమెను పిలువవలయును.”

లోకనాథము వ్రాసెను. మెట్లకడ కిరీటి యడ్డముగా వచ్చి నిలిచెను. వాని ముఖమున నవ్వు లేదు.

“మేష్టారూ, వచ్చేయేడు మూడాటలకును సింహమును తెత్తును. గర్జించును.”

“గర్జింపనిమ్ము.”

ఇల్లు చేరి జగన్నాయకులు నోటుపుస్తకము తెరచి, ఎర్రసిరాతో తాను వ్రాసిన “వలయును” అనుదానిని కొట్టివేసి, ప్రక్కనే “రాదు” అని మరల వ్రాసి, క్రింద తన సంతకము చేసెను. వెలుపల వాన తెరపియిచ్చి చూరునీళ్లు మాత్రము కారుచుండెను. మేకకెదురుగా నున్న ఖాళీగడిపై కలము నుంచెను. ఎందరో బిడ్డల పేర్లు హాజరుపట్టీలో వ్రాసినవాడే గాని, ఇప్పుడు కలము కదలలేదు. మూతపెట్టి ప్రక్కనుంచెను.

నేటికి నాలుగు మాసములు గడచినవి. మేకకు పేరింకను పెట్టవలసియున్నది.