కాలవ లేని గట్లు

కెనడాలో రెజైనా ఊరవతల మేం కొన్న గడ్డిభూమిలో మోకాలెత్తైనా లేని మట్టికట్టలు అడ్డదిడ్డంగా పోతుండేవి. మా ఆయన విశ్వేశ్వరరావు కోనసీమ మనిషి. గట్టంటే తిన్నగా ఉండాలి, హద్దు మీదే ఉండాలి ఆయనకి.

“కాలవే లేని చోట గట్లెందుకే దమయంతీ? మొత్తం లెవెల్ చేయించేద్దాం” అన్నారు.

“పక్క రైతు పీటర్‌ గారిని ఓ మాట అడగండి” అన్నాను.

“పొలం సంగతి నాకొకళ్లు చెప్పాలా?” అని కసిరి, మంచు పడకముందే మెషీన్ పెట్టించి అన్నీ గీకించేశారు.

వసంతంలో మంచు కరిగింది. నీళ్లు క్షణం ఆగకుండా జారిపోయి వాగులో కలిశాయి. జూలై వచ్చినా గడ్డి చీలమండ దాటలేదు.

అప్పుడొచ్చాడు పీటర్. కరిగిన మంచునీళ్లు గడ్డిలో కొన్నాళ్లు నిలవాలని, నేల వాలు చూసుకుంటూ ఒకప్పుడు ఈ భూమి చేసుకున్న వాళ్ల తాత గుర్రాలతో మట్టి లాగించి వేసిన కట్టలట అవి. అందుకే వంకరట. “మీకు తెలిసే తీయించారనుకున్నాను” అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఊళ్లో జానెడు గట్టు జరిపాడని సొంత తమ్ముడితో మాటలు మానేసిన మనిషి ఈయన! పరాయివాడి తాత వేసిన గట్లు ఒక్క పూటలో తుడిచేశారు.

కట్టలున్న చోట గడ్డి రంగు ఇప్పటికీ వేరు. ఆయన పొలంలోకి వెళ్తే ఆ వంకర గీతల మీదే నడుస్తున్నారు, కాలు పక్కకి జారకుండా, గట్టు ఇంకా ఉన్నట్టే.