రెండు నిమ్మకాయలు

పై గదుల దుప్పట్లు మార్చాలి. అత్తగారికి బీపీ మాత్ర ఇవ్వాలి. తెక్లా అవ్వ బుట్టలో రొట్టె వెయ్యాలి. వచ్చిన ప్రతి బస్సూ దిగే అతిథుల పెట్టెలు నూట నలభై మెట్లెక్కి మోసుకురావాలి. కిటికీలకు వేలాడే బుట్టల్లో పూలు మార్చాలి.

ఈ చివరి పని మారిస్తెల్లా తనకు తానే తెచ్చిపెట్టుకున్నది. సముద్రం మీదికి ఒరిగినట్టుండే ఆ సిసిలీ కొండ ఊళ్ళో మెట్లు దిగలేని ముసలివాళ్ళు కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించుతారు. కింద పొరుగువాళ్ళు రొట్టె వేస్తారు. ఊరు చూడవచ్చినవాళ్ళంతా ఆ బుట్టలకే ఫోటోలు తీసుకోవడం చూసి, తమ అతిథిగృహం గోడ నిండా బుట్టలు కడదామంది. పక్కింటి తెక్లా అవ్వ గోడనూ వదల్లేదు. గదులు నిండాయి. “ఇన్నాళ్ళకి నీ చదువు అక్కరకొచ్చింది” అన్నాడు భర్త సవేరియో. పుట్టింటి వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి తను. పదకొండేళ్ళ కాపురంలో విన్న మొదటి మెప్పు అది. ఆ మాట కోసం ఇంకో వంద బుట్టలైనా కట్టేదే.

తెక్లా అవ్వ తన గోడకు కట్టుకోనిచ్చింది. రోజూ రొట్టె అందుకుని, “నువ్వు తిన్నావా?” అని మాత్రం అడిగేది. ఆ మాట అడిగేవాళ్ళు ఇంట్లో లేరు.

రొట్టె వేళ కాని వేళ బుట్ట దిగితే పైన ఏదో జరిగిందని అర్థం. చేతిలో పని వదిలి మెట్లెక్కాలి. ఆ వీధిలో పసిపిల్లలకూ తెలిసిన సంగతి. ఆ మధ్యాహ్నం రెండింటికి అవ్వ బుట్ట దిగింది. మారిస్తెల్లా చూసింది కూడా. పక్కన అతిథి ఒకామె కెమెరా పట్టుకుని నిలబడి ఉంది. తాము కట్టిన బుట్టే జారిందనుకుంది మారిస్తెల్లా. ఖాళీగా బావుండదని రెండు నిమ్మకాయలు వేసి, ముచ్చటగా సర్ది, పెట్టెలు మొయ్యడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం మిగిలిన పులుసు ఇవ్వడానికి వెళ్తే అవ్వ గదిలో కిటికీ కింద నేల మీద పడి ఉంది. తుంటి విరిగింది. ఆసుపత్రిలో చెయ్యి పట్టుకుని చెప్పింది: “పడ్డచోటి నుంచే బుట్ట దించాను. తాడు కదిలింది అమ్మాయ్. వచ్చావనుకున్నాను. లాగి చూస్తే నిమ్మకాయలు.”

అందులో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్పింది, అంతే. ఆ నిమ్మకాయలు వేసింది నేనే అనడానికి మారిస్తెల్లాకు నోరు రాలేదు. రేపు చెబుదామనుకుంది. మూడో రోజు అవ్వ పోయింది.

అందరూ ఓదార్చారు. కన్నకూతురిలా చూసుకున్నావన్నారు. అత్తగారు కూడా ఆ పూట మెత్తగానే మాట్లాడింది. ఆ మెత్తదనం ముల్లులా దిగింది. భర్తకు నిజం చెబితే అతను తలుపు దగ్గరగా వేశాడు. “నీకు తెలిసి చేసింది కాదుగా. ఎవరితోనూ అనకు, మన పేరు పోతుంది.”

“పోనీ.”

కత్తెర తీసుకుని తాము కట్టిన బుట్టల తాళ్ళన్నీ కోసేసింది. తర్వాత వీధిలో గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, నిలబడి, తను చేసింది చెప్పింది. కొందరు లోపలికి వెళ్ళిపోయారు. ఒకామె మొహం మీదే తలుపు వేసింది. ఆ సాయంత్రం పెట్టెలు మొయ్యడానికి మారిస్తెల్లా దిగలేదు.

మీరెప్పుడైనా అలాంటి ఊరికి వెళ్ళి, బావుందని ఫోటో తియ్యబోతే, ఒక్క క్షణం ఆగి తల పైకెత్తండి. తెక్లా అవ్వను తలుచుకోండి. ఆమె అందరికీ కనబడేలానే పిలిచింది.