పై అంతస్తు డ్రమ్ము

నేను ఒక డ్రమ్మును. అయితే నాకు తోలు లేదు, కొట్టడానికి కర్రా లేదు. అల్యూమినియం రేకు ముఖం, దాని వెనక చిన్న సర్క్యూట్ బోర్డు, ముందు నాలుగు నాబ్‌లు, అడుగున రెండు రంధ్రాలు. మాడ్యులర్ సింథసైజర్ అని ఒక వాద్యం ఉంది. దాన్ని ఒక్క ముక్కగా చేయరు. స్వరం పలికేది ఒకటి, దాన్ని మెత్తబరిచేది ఒకటి, తాళం నడిపేది ఒకటి, ఇలా విడివిడి మాడ్యూళ్లను ఒక పెట్టెలో పక్కపక్కన బిగించి, రంగురంగుల తీగలతో కలుపుతారు. ఆ పెట్టెలో పెద్ద డోలు పని నాది. దాన్నే కిక్ డ్రమ్ అంటారు. ఒక రంధ్రంలోకి చిన్న విద్యుత్ పోటు వస్తే, రెండో రంధ్రంలోంచి 'ధబ్'మని ఒక దెబ్బ బయటికి పోతుంది. నాలో రికార్డు చేసి దాచిన శబ్దమంటూ ఏదీ లేదు. ప్రతి దెబ్బా అప్పటికప్పుడు కరెంటులోంచి పుట్టి, కాసేపు ఊగి, చచ్చిపోతుంది.

నన్ను చేసింది విశాఖపట్నం గాజువాకలో జోగారావు మాస్టారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆయన వంటింటి గట్టు మీద సోల్డరింగ్ మొదలుపెట్టాడు. భార్య ఒక మూల పులుసు కాస్తుంటే ఆయన ఇంకో మూల సీసం కరిగించేవాడు. ఒక్క 'ధబ్' సరిగ్గా పలకడం కోసం మనిషి ఎన్ని నెలలు భార్య చేత మాటలు పడగలడో నేను పుట్టకముందే తెలుసుకున్నాను.

నన్ను తీసుకెళ్లడానికి అమూల్య వచ్చింది. వినీత్ అనే స్నేహితుడితో కలిసి పబ్బుల్లో, కాలేజీ పండుగల్లో ఎలక్ట్రానిక్ సంగీతం వాయించేది. అతనిది కీబోర్డు, ఆమెది సింథ్ పెట్టె. మాస్టారు నన్ను మోగించగానే ఆమె వంగి స్పీకరు మీద అరచెయ్యి పెట్టింది.

"చెయ్యి కాదమ్మా, చెవి పెట్టి విను" అన్నాడాయన నవ్వుతూ.

"ముందు చేత్తో వింటానండీ" అని ఆమె కూడా నవ్వింది.

అది సరదాకి అన్న మాట కాదని తర్వాత తెలిసింది. అమూల్యకు వినికిడి పోతోంది. చెవి నరాల జబ్బు. సన్నటి శబ్దాలు ముందు పోయాయి. పిచ్చుకలు, ఫోను, కాలింగ్ బెల్, మాటల్లోని స, శ, త. బరువైన కింది శబ్దాలు మాత్రం ఇంకా మిగిలాయి. చెవికి మిషను పెట్టుకోమని, గట్టి శబ్దాలకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు. ఆమె రెండూ చేయలేదు. చెవిటి మనిషి సంగీతానికి జనం రారని ఆమె భయం. ఎదుటివారి పెదవులు చూసి మాటలు పట్టుకోవడం నేర్చుకుంది, వినీత్‌కు కూడా చెప్పకుండా. వేదిక మీద మాత్రం నా నాబ్‌లను నెలనెలా ఇంకాస్త పైకి తిప్పుతూ పోయింది. జనం గెంతేవారు. నా బలం చూసి గెంతుతున్నారని నేను మురిసిపోయేవాణ్ణి.

బీచ్ రోడ్డులో ఒక హోటల్ మేడ మీద ప్రోగ్రాం జరుగుతుండగా స్పీకర్లలోంచి కీచుమని పెద్ద అరుపు లేచింది. మైకూ స్పీకరూ ఎదురెదురు పడితే వచ్చే అరుపది. జనం చెవులు మూసుకున్నారు. ఒకామె పిల్లను ఎత్తుకుని పరిగెత్తింది. అమూల్య కళ్లు మూసుకుని నా నాబ్ తిప్పుతూనే ఉంది. వినీత్ చేతులూపాడు, పేరు పెట్టి అరిచాడు, చివరికి వచ్చి ప్లగ్గు పీకేశాడు. ఆమె కళ్లు తెరిచేసరికి ఎదురుగా చెవులు మూసుకున్న మనుషులు.

వ్యాన్‌లో సామాన్లు సర్దుతూ అతను అడిగాడు. "ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెప్తే నాతో వాయించేవాడివా?"

వినీత్ జవాబు చెప్పడానికి కొంచెం ఆలస్యం చేశాడు. ఆ ఆలస్యం వినడానికి చెవులు అక్కర్లేదు. వాళ్లిద్దరూ కలిసి వాయించడం అక్కడితో ఆగిపోయింది.

కంచరపాలెంలో ఒక ఇంటి రెండో అంతస్తులో అమూల్య అద్దెకుండేది. ఇక బయటికి పోవడం తగ్గించేసింది. పెద్ద స్పీకరును నేల మీద పడుకోబెట్టి, దాని పక్కన తనూ వెల్లకిలా పడుకుని నన్ను మోగించేది. వీపులోంచి, పక్కటెముకల్లోంచి నన్ను వినేది. ఆమెకు మిగిలిన సంగీతమంతా నేనే అయ్యాను.

ఆమె నేల కింది ఇంటివారికి పైకప్పు. మొదటి అంతస్తులో వరహాలమ్మ, ఆమె భర్త పైడిరాజు ఉండేవారు. ఆయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఒకసారి గుండెపోటు వచ్చి తేరుకున్నాడు. ఒక రోజు అమూల్య బజారు నుంచి వస్తుంటే వరహాలమ్మ ఆమె వెంటే పైకొచ్చింది.

"ఏటమ్మా ఈ డప్పు? మా ముసిలాయనకి గుండె బాగోదు. గుండెల మీద కూకుని కొడతన్నట్టే ఉంది."

అమూల్య ఆమె పెదవులు చూసి, నొచ్చుకుంది. "సారీ ఆంటీ. పొద్దున పూట మాత్రమే పెట్టుకుంటాను, మెల్లగా. మీకు ఎప్పుడు ఏ అవసరమొచ్చినా తలుపు కొట్టండి. నా వ్యాన్ కిందే ఉంటుంది, ఆస్పత్రికైనా ఎక్కడికైనా నేను తీసుకెళ్తాను."

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. తలుపు కొడితే తనకు వినపడదన్న ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. వరహాలమ్మ మెత్తబడి, సాయంత్రం గిన్నెడు చేపల పులుసు పంపింది.

వానాకాలంలో ఒక పొద్దున. నేను నెమ్మదిగా మోగుతున్నాను. అమూల్య నేల మీద పడుకుని ఉంది. నాకు చెవులు లేవు, కాని అదురు తెలుస్తుంది. మనుషుల మాటలు, అడుగులు అన్నీ నాకు అదురుగానే అందుతాయి. నా దెబ్బకూ దెబ్బకూ మధ్య ఇంకో దెబ్బ వచ్చింది. మరోటి. తర్వాత గబగబా, లయ లేకుండా, చాలా. అవి నావి కావు. తలుపు మీద పడుతున్నవి.

ఆ అదురు నేలలోంచి అమూల్యకూ అందింది. ఆమె కళ్లు తెరవలేదు. తాళం నడిపే మాడ్యూల్ తనంతట తాను ఏదో కొత్త వరస అల్లుతోందనుకుంది. ఆమె ముఖంలో నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. చెయ్యి చాపి, మధ్యలో వచ్చే ఆ దెబ్బలు స్పష్టంగా తెలిసేందుకు నా నాబ్ తిప్పి మోత కాస్త పొట్టి చేసింది. నేను ఆమె చెప్పినట్టే పొట్టిగా మోగాను. అవతలి దెబ్బలు బాగా తెలిశాయి. కాసేపటికి అవి ఆగిపోయాయి. ఆమె మళ్లీ వస్తాయేమోనని ఎదురుచూసింది.

కింద జరిగింది నేను చూడలేదు. రెండు రోజుల తర్వాత, కబురు తెలిసి వినీత్ వచ్చినప్పుడు ఆమె అతనికి చెప్పగా తెలుసుకున్నాను. ఆ మధ్యాహ్నం పాల ప్యాకెట్టు కోసం దిగితే మొదటి అంతస్తు గుమ్మం ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయట. లోపల పైడిరాజును చాప మీద పడుకోబెట్టి ఉంచారట. వరహాలమ్మ ఆమెను చూసి లేచి వచ్చింది.

"తలుపు ఇరిగిపోయేలా కొట్టేను. నీ పేరెట్టి అరిసేను. నువ్వు డప్పు ఆపనేదు. రోడ్డెమ్మట ఉరికి ఆటో తెచ్చేసరికి, దారిలోనే..."

అమూల్య తన చెవి ముట్టుకుని చూపించింది. "నాకు వినపడదు ఆంటీ."

వరహాలమ్మ ఆ చెవి వంక చూసిందట. "ఆ మాట ముందే సెప్పుంటే, నానింకో గుమ్మం కొట్టేదాన్ని గదమ్మా" అందట.

ఇది చెప్పి అమూల్య తల దించుకుంది. పెదవులు చూడనివారితో ఎవరూ మాట్లాడలేరు. వినీత్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నీ తీసుకుపో. ఎవరికిస్తావో ఇచ్చెయ్" అంది ఆమె చివరికి. అతను పెట్టెలోంచి ఒక్కొక్క మాడ్యూల్ విప్పాడు. స్వరాలు పలికేవి, తాళం నడిపేది, ఏళ్ల తరబడి నా పక్కన వెచ్చగా ఉన్నవన్నీ అట్టపెట్టెల్లోకి పోయాయి. నా మీద చెయ్యి పడగానే "అది ఉంచు" అంది.

ఎందుకు ఉంచిందో నాకు అర్థం కాలేదు. మర్నాడు ఆమె నన్ను ఒక చిన్న చెక్కపెట్టెకు బిగించి, స్పీకరును తన మంచం కాళ్లకు ఆనించింది. నా రంధ్రంలో పొడవాటి తీగ గుచ్చి, కిటికీలోంచి కింది అంతస్తుకు వదిలింది. తీగ చివర కాలింగ్ బెల్ మీట ఉంది. దాన్ని నొక్కితే నేను మోగుతాను, మంచం అదురుతుంది.

వరహాలమ్మ ఆ మీటను ఇంట్లోకి తీసుకోలేదు. "ఇపుడెవరికోసం నొక్కాల?" అని కిటికీ రెక్క వేసేసుకుంది. మీట బయట గోడకు వేలాడుతూ వానకు తడిసింది. అమూల్య దానికి ప్లాస్టిక్ కవరు కట్టింది. మిషను కూడా చెవికి పెట్టుకుంది కాని, అప్పటికే దాని వల్ల ఒరిగేది తక్కువ. మెట్ల మీద ఎదురుపడితే వరహాలమ్మ గోడకు జరిగి దారి ఇచ్చేది. మాట్లాడేది కాదు. నేను కరెంటు మీద మేలుకునే ఉన్నాను, ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా. వేదికల మీద వందల మందిని గెంతించినవాణ్ణి, ఒక ముసలామె వేలి కోసం కాచుకుని కూర్చున్నాను.

చలికాలం వచ్చాక ఒక సాయంత్రం మోగాను.

అమూల్య వంటింట్లో ఉంది. పాదాల కింద నేల కదిలింది. చేతిలో గరిట నేల మీద పడేసి, చెప్పుల్లేకుండా, తలుపు బార్లా వదిలేసి మెట్లు దిగి పరిగెత్తింది. కాసేపటికి మెల్లగా పైకి వచ్చింది. వెనకాలే గోడ పట్టుకుని వరహాలమ్మ. ఆమెకు ఏమీ కాలేదు.

"ఏదా డప్పు?" అంది. అమూల్య నన్ను చూపించింది. వరహాలమ్మ వంగి చూసింది. ఇన్నాళ్లూ తన నెత్తి మీద ఎంత పెద్ద యంత్రం ఉందనుకుందో ఏమో. "ఇదేనా? ఇంతుందా?" అని వేలితో నా నాబ్ ఒకటి తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత అమూల్య వైపు తిరిగి, ఆమెకు తెలిసేలా ఒక్కొక్క మాటా విడదీసి పలికింది.

"ఊరికే నొక్కేను. వస్తావో రావో సూద్దారని. నాను ఏలు తియ్యకముందే వచ్చేసేవు."

అమూల్య తలూపింది.

"ఆ రోజు వినపడుంటే, ఇలాగే వచ్చేదానివి."

"వచ్చేదాన్ని ఆంటీ."

వరహాలమ్మ మంచం అంచున కూర్చుంది. వినపడినా ఈ పిల్ల వచ్చేది కాదులే అన్న కోపం ఒకటి ఆమెకు ఇన్నాళ్లూ ఆసరాగా ఉండేది. మీట నొక్కి ఆ ఆసరా కూడా పోగొట్టుకుంది. ఏడ్చినట్టుంది. మంచం సన్నగా అదురుతూ ఉంటే నాకు తెలిసింది. అమూల్య నేల మీద కూర్చుని, మంచం కోడు మీద చెయ్యి వేసింది. ఆమెకూ తెలిసే ఉంటుంది.

చీకటి పడ్డాక వరహాలమ్మ లేచి వెళ్లిపోయింది. అమూల్య నా తీగ పీకలేదు. వరహాలమ్మ మీటను మళ్లీ బయట వేలాడదీయలేదు, తన ఇంట్లోనే ఉంచుకుంది.