వదిన నడుము కొలత

వదిన నడుము చుట్టూ టేపు వేస్తాను. అవతలి కొస తిరిగి రాదు.

ఇంకాస్త వదులుతాను. టేపు మీద అంకెలు అయిపోతాయి. వాటి తర్వాత ఊళ్ల పేర్లు మొదలవుతాయి. పూలపల్లి, ఉల్లంపర్రు, లంకలకోడేరు. లంకలకోడేరు దాటినా కొస జాడ లేదు.

"ఎంతసేపు నిలబెడతావే వేణీ, కాళ్లు లాగేస్తున్నాయి," అంటుంది వదిన.

"కొస రావట్లేదు వదినా. వెళ్లి తెచ్చుకుంటాను."

"వెళ్లు. అన్నం వేళకి వచ్చెయ్. వంకాయ కూర చల్లారిపోతుంది."

వదిన పేరు మంగతాయారు. అన్నయ్య పోయి, ఆడపిల్లలిద్దరూ అత్తారిళ్లకి వెళ్లాక పాలకొల్లులో ఈ ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం. నేను వీధి గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుడతాను. ఈసారి వదిన తనకే లంగాలు కుట్టమంది. తెల్లగుడ్డ వద్దంది. అన్నీ నల్లవే కావాలంది.

చెప్పులు వేసుకుని, టేపు పట్టుకుని, ఆవిడ ఎడమ తుంటి వైపు నుంచి బయల్దేరతాను.

ముందు కంచాలు వస్తాయి, బారుగా నేల మీద. అన్నయ్య సగంలో లేచిపోయిన కంచం, ఆడపిల్లలిద్దరూ బడికి టైమైందని వదిలేసిన ఇడ్లీలు, పండక్కి మిగిలిన బూరెలు, అడుగున నూనె తేలుతున్న వేపుడు గిన్నె. పారబొయ్యడానికి మనసొప్పక వదిన తినేసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. ఇంకా పొగలు కక్కుతున్నాయి. మధ్యలో కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ నడుస్తాను.

తర్వాత దారి వస్తుంది. అంగన్‌వాడీలో ఆయాగా ఉన్నప్పుడు వదిన ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేసుకొచ్చిన దారి. మొదట్లో అడుగుల గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మోకాళ్ల నొప్పులని ఉద్యోగం మానేసిన చోట పల్చబడ్డాయి. ఆ పైన దారే లేదు. దాన్ని చీరలా మడతపెట్టి ఒక ప్లాస్టిక్ కుర్చీ కింద పెట్టారు. కుర్చీ ఎదురుగా టీవీలో సీరియల్ ఆగి ఉంది. అందులో వాళ్లంతా మాట్లాడకుండా వదిన వచ్చి కూర్చునేదాకా కాచుకుని ఉన్నారు.

వీపు వైపుకి తిరిగేసరికి ఎండ తగ్గుతుంది. అక్కడొక చిన్న పెంకుటిల్లు. గుమ్మంలో ఒకావిడ పీట మీద కూర్చుని అన్నం కలుపుకుంటోంది. టేపు కొస ఆవిడ మోకాలి కింద ఉంది.

"కొస ఇస్తారా?" అంటాను.

"ఇస్తాను. కొలత పూర్తయితే మీకు తెలిసిపోతుంది మరి."

"మీరెప్పుడొచ్చారు?"

"నిరుడు కోతలప్పుడు."

"మా వదిన పిలవలేదు."

"పిలవలేదు. తలుపు తీసి ఉంది. తలుపు తీసి ఉన్న ఇళ్లన్నిట్లోకీ నేను వెళ్లను. మూసి ఉన్నవాటిలోకీ ఒక్కోసారి వెళ్తాను. తీసి ఉంటే మెట్లెక్కడం తేలిక, అంతే."

"వచ్చినట్టు ఎవరికైనా చెప్పాలి కదా."

"చెబుతూనే ఉన్నాను. గోడ మీద ఎర్రగా గుర్తు పెడుతున్నాను. ఆవిడ చూస్తోంది, ఉతికేస్తోంది."

ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని కాలు జరుపుతుంది. కొస తీసుకుని కుడివైపు నుంచి వదిన ముందుకి వచ్చేస్తాను. వదిన నిలబడ్డచోటే నిలబడి ఉంది.

"నల్ల లంగాలు ఎందుకు వదినా?"

ఆవిడ కిటికీ వంక చూస్తుంది. "ముట్లాగి ఏళ్లయింది కదే. మళ్లీ కనిపిస్తోంది. వయసు వెనక్కొచ్చిందేమో అనుకున్నా." నవ్వబోయి ఆపేస్తుంది. "ఎవరితో చెప్పుకోను? నువ్వు కంగారుపడతావని."

"నేను కంగారుపడను," అంటాను. టేపు చుట్టబోతే అది నా చేతిలోంచి జారి, మంచం కిందికి పోయి నక్కుతుంది.

భీమవరం ఆసుపత్రిలో బరువు చూసే యంత్రం ఎక్కమంటారు. వదిన ఎక్కగానే ముల్లు తిరిగి తిరిగి, అంకెల మీంచి దిగి, నడుచుకుంటూ వెళ్లి ఓపీ దగ్గర క్యూలో నిలబడుతుంది. దాని వెనకే మేమూ నిలబడతాం.

డాక్టరమ్మ చిన్న వయసుది. పరీక్షలన్నీ అయ్యాక గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ అని చెబుతుంది. నెమ్మదిగా చెబుతుంది. "ముట్లాగిపోయాక ఒంట్లో కొవ్వు ఒక హార్మోన్‌ని తయారుచేస్తుందమ్మా. అది ఆ పొరని పెరుగు, పెరుగు అంటూ ఉంటుంది."

వదిన పమిట కొంగు వేలికి చుట్టుకుంటుంది. "అయితే నేనే తెచ్చుకున్నానన్నమాట."

"అలా అనకండి. సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది. లావుగా ఉన్న చాలామందికి రాదు. బరువు పెరిగితే వచ్చే అవకాశం పెరుగుతుంది. తిండి చూసుకుని, ఒళ్లు కదిలిస్తే కొంత తగ్గుతుంది. అంతవరకే నేను చెప్పగలను."

"ఆ మాట ముందే ఎవరైనా చెబితే నడిచేదాన్ని కదమ్మా. నడక నాకు ఇష్టమే."

డాక్టరమ్మ లేచి నిలబడుతుంది. ఆవిడ కుర్చీ కూడా ఆవిడని వదలకుండా లేస్తుంది. ఇద్దరూ కలిసి పక్క గదిలోకి వెళ్లిపోతారు.

ఆపరేషన్ రోజున నన్ను బయట బల్ల మీద కూర్చోబెడతారు. నా పక్కన ఆ యంత్రం ముల్లు కూర్చుంటుంది. తలుపు తీసుకుని డాక్టరమ్మ వస్తుంది. చేతిలో ట్రే ఉంది. ట్రేలో పెంకుటిల్లు ఉంది.

"ఇల్లు మొత్తం తీసేశాం," అంటుంది.

"ఆవిడ?"

"ఇంట్లో లేదు. పొయ్యి మాత్రం వేడిగా ఉంది. ఇప్పుడే ఎటో బయల్దేరినట్టుంది."

ఊపిరితిత్తుల వైపు వెళ్లిందని స్కానింగులో తెలుస్తుంది. మందు ఎక్కిస్తారు. వదిన జుట్టు ఊడి, దిండు మీద పడి, దాని జడ అదే అల్లుకుంటుంది. వంకాయ కూర వాసన తగిలితే వదిన వాంతి చేసుకుంటుంది. అన్నం ముందు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది ఎవరి కంచమే?" అని అడుగుతుంది. మిగిలింది నేను తింటాను.

ఓపికున్నప్పుడు నాలుగడుగులు వెయ్యమంది డాక్టరమ్మ. సాయంత్రాలు కాలవగట్టు మీదికి తీసుకెళ్తాను. ఎదురింటి సుభాషిణి గేటు దగ్గర నిలబడి వదినని తేరిపార చూస్తుంది.

"ఎంత సన్నబడిపోయావు అక్కా! భలే బాగున్నావు. ఏం చేస్తున్నావేంటి?"

"నడుస్తున్నానమ్మా," అంటుంది వదిన. ఆవిడ మొహంలో నిజంగానే సంతోషం కనిపిస్తుంది. నేను తల తిప్పుకుంటాను.

గట్టు మీద వదిన నా చెయ్యి పట్టుకుని అడుగు వేస్తుంది. ఆ అడుగు దగ్గర ఒక వదిన ఆగిపోతుంది. ఇంకో అడుగు వేస్తుంది. ఇంకో వదిన ఆగిపోతుంది. నా పక్కనున్న ఆవిడ తేలికపడుతోంది. వెనక్కి చూస్తే గట్టు పొడుగునా వదినలు, నల్ల లంగాల అంచులు కనబడేలా చీర ఎత్తి పట్టుకుని, వరసగా నిలబడి ఉన్నారు. కొబ్బరికాయల లారీ వాళ్లకి హారన్ కొట్టి, పక్కనుంచి పోతుంది.

"వెనకెవరైనా వస్తున్నారా?" అంటుంది వదిన.

"ఎవరూ లేరు."

"మరి నీళ్ల చప్పుడు?"

వదినలు ఒక్కొక్కరే కాలవలోకి దిగుతున్నారు. ముందు దూరంగా ఉన్నవాళ్లు, తర్వాత దగ్గరివాళ్లు. నీళ్లు వాళ్ల మెడలదాకా వస్తాయి, తలల మీదుగా వెళ్లిపోతాయి. అంతమంది దిగినా కాలవలో నీళ్లు ఒక్క అంగుళం కూడా పెరగవు.

"ఎవరో ఈతకి దిగారు," అంటాను.

వదిన తల ఊపి ఇంకో అడుగు వేస్తుంది. ఆవిడ చెయ్యి నా చేతిలో కాగితంలా ఉంది. ఇంకోసారి వెనక్కి తిరుగుతాను. గట్టు మీద వదినల్లో ఒక్కతే మిగిలింది. ఆవిడ పక్కన, మెడలో టేపుతో, ఇంకో నేను నిలబడి ఉన్నాను. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చూడ్డానికి కాలు ముందుకి చాపుతున్నాను.